డ్రమ్ముకి ఒక బిళ్ళ

మా గురజాల వైపు భూమి కింద అంతా సున్నపురాయే. బోరు నీళ్ళు పట్టిన బిందె నెల తిరగకముందే అడుగున తెల్లటి చెక్కు కడుతుంది. ఆ నీళ్ళలో కలిపితే కొన్ని పురుగుమందులు పురుగు దాకా వెళ్ళవు, డ్రమ్ములోనే చచ్చిపోతాయి. ఈ ఒక్క ముక్క కనిపెట్టడానికి నాకు ఏళ్ళ చదువు, ఆరేళ్ళ ఉద్యోగం పట్టాయి. వినడానికి మాత్రం ఎవరికీ తీరిక దొరకలేదు.

ఉద్యోగం హైదరాబాదులో, ఒక పురుగుమందుల కంపెనీ ల్యాబులో. మా వైపు నుంచి వచ్చే ఫిర్యాదులన్నీ నా బల్ల మీదే పడేవి: మందు పనిచేయలేదు, తామర పురుగు చావలేదు. సీసాలో మందు బాగానే ఉంది, నీళ్ళతోనే గొడవ అని నివేదిక రాసి మా ల్యాబు పెద్దాయనకిచ్చాను. ఆయన శ్రద్ధగా చదివి, "మందు పనిచేయకపోతే రైతు ఏం చేస్తాడు?" అని అడిగారు. ఇంకో సీసా కొంటాడన్నాను. "మరి మనకి సమస్య ఏముంది?" అన్నారు. అంత స్పష్టంగా మాట్లాడిన మనిషిని నేను ఆ కంపెనీలో మళ్ళీ చూడలేదు. చూసే అవకాశం కూడా లేదు, ఆ నెలలోనే మానేశాను.

నరసరావుపేటలో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని బిళ్ళ తయారుచేశాను. సగం సబ్బు ముక్కంత ఉంటుంది. రెండొందల లీటర్ల డ్రమ్ములో ఒకటి వేస్తే నీళ్ళలోని సున్నపు గుణం విరుగుతుంది. అందులో రంగు కూడా కలిపాను. నీళ్ళు ముందు నీలంగా మారి, సరిపడా విరిగాక పసుపుపచ్చకి తిరుగుతాయి. అప్పుడు మందు కలపాలి. చదువు రానివాళ్ళకు కూడా తెలియాలని ఆ ఏర్పాటు. చదువు వచ్చినవాళ్ళ సంగతి నేను ఆలోచించలేదు.

అమ్మాలంటే ఒక రైతు పొలంలో వేసి చూపించాలి, వ్యవసాయాధికారి వచ్చి చూసి నివేదిక రాయాలి. ఆ కాగితం లేకపోతే షెడ్డుకి తాళం వేసుకోవడమే. ఊళ్ళో ఎవరూ పొలం ఇవ్వలేదు. పురుగుమందుల కొట్టు ఆయన తన కొట్టు ముందు కుర్చీలో కూర్చుని ప్రచారం చేసి పెట్టాడు. "ఆ పిల్లని కంపెనీ వాళ్ళే తీసేశారంట. చెట్లు మాడితే ఏడికి పోయి అడుగుతారు?"

చివరికి మా బాబాయ్ రెండెకరాల మిరప ఇచ్చాడు. ప్రేమతో కాదు. ఆయన మాజీ సర్పంచి, కొట్టు ఆయనది అవతలి పార్టీ. నేను గెలిస్తే తను గెలిచినట్టు.

బిళ్ళ చేతిలో పెడితే తిప్పి తిప్పి చూశాడు.

"అంత డ్రమ్ముకి ఇది ఒక్కటేనా?"

"ఒక్కటే బాబాయ్. రెండోది వేయొద్దు."

"ఏందమ్మాయ్, చంటిపిల్లోడికి మందు పోసినట్టు చెప్తన్నావు. యవసాయం నాకు కొత్తా?"

మా ఊళ్ళో మందు సీసా మీద రాసిన మోతాదు పిరికివాళ్ళ కోసం. పక్క చేనివాడు ఒక మూత పోస్తే మనం రెండు పోయాలి, లేకపోతే వాడి పురుగు కూడా మన చేలోకే వస్తుంది. ఇది తెలిసి కూడా నేను పదహారు బిళ్ళలు ఇచ్చి నరసరావుపేట బస్సెక్కాను. పిహెచ్‌డీ ఉన్నవాళ్ళు చేసే పొరపాట్లు ఇలాగే ఉంటాయి.

నాలుగో రోజు ఫోను. ఆకులు అంచుల వెంట మాడాయి. వెళ్ళి చూస్తే మాడినట్టే ఉన్నాయి. మందు కొట్టిన రోజు డ్రమ్ములో తెగులుకి కాపర్ మందు కూడా కలిపారట. నా బిళ్ళలో ఉన్నది ఆమ్లమే, అది ఎక్కువై నీళ్ళు మరీ పుల్లబడితే ఆ మందు ఆకుని కాలుస్తుంది. నీళ్ళు అంత పుల్లబడాలంటే ఒక బిళ్ళ చాలదు. నా రంగు ఎందుకు హెచ్చరించలేదంటే, ఒకటి వేసినా పసుపే, ఎన్ని వేసినా పసుపే. ఆ తప్పు మాత్రం నాది.

వ్యవసాయాధికారి వచ్చాడు. కొట్టు ఆయన కూడా, ఎవరూ పిలవకుండానే వచ్చాడు. గట్టు మీద ఇంకో పది మంది, ఎవరికీ పొలం పనులున్నట్టు లేవు.

"ఎన్ని బిళ్ళలు వేశారండీ?" అని అధికారి అడిగాడు.

"ఒక్కటే. మా అమ్మాయి చెప్పినట్టే," అన్నాడు బాబాయ్, నా వైపు చూడకుండా.

"బాబాయ్, ఎన్ని వేశావో చెప్పు. ఈ కాగితం పోతే నా పని అయిపోయినట్టే."

"ఏమే, పదిమందిలో నన్ను అబద్ధాలకోరుని చేస్తావా?"

కొట్టు ఆయన మెల్లగా అందుకున్నాడు. "సర్పంచి గారు అబద్ధమెందుకు ఆడతారమ్మా. బిళ్ళే మంచిది కాదేమో."

జీవితంలో మొదటిసారి ఆ ఇద్దరూ ఒకే మాట మీద నిలబడ్డారు. ఆ ఘనత నాదే.

అధికారి కలం తీశాడు. బాబాయ్‌కి అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ ఇంకో మాట పడేశాడు. "అయినా కలిపింది మా ఆడోళ్ళు. ఏం కలిపారో ఏందో."

డ్రమ్ములో నీళ్ళు పోసి మందు కలిపేది మా పిన్ని. అప్పటిదాకా చేను చివర కొంగుతో ముఖం తుడుచుకుంటూ నిలబడి ఉంది. తిన్నగా నడిచి వచ్చింది.

"ఎనిమిది," అంది అధికారితో. "రాసుకోండయ్యా. ఒకటి వేస్తంటే నా చెయ్యి పట్టుకుని, 'చాల్దు, ఎయ్యి ఎయ్యి' అని ఎనిమిది ఏపిచ్చాడు. రెండో డ్రమ్ముకీ ఎనిమిదే. కావాలంటే గట్టు కింద బిళ్ళలు చుట్టిన కాగితాలున్నయ్, లెక్కపెట్టుకోండి."

బాబాయ్ ఆకు ఒకటి తుంచి, దాని ఈనెలు పరీక్షగా చూశాడు.

నేను పిన్ని దగ్గరికి వెళ్ళి ఏదో అనబోయాను. "నీ కోసం కాదులేవే," అంది. "చేను మాడిచ్చిందని రేప్పొద్దున నన్ను అంటారు. అందుకు చెప్పినా. నువ్వు మాత్రం ఏం తక్కువ, పదహారు చేతిలో పెట్టిపోతే ఈయన ఊరుకుంటాడా?"

అధికారి, మోతాదుకి ఎనిమిది రెట్లు వేసినట్టు రాసి, ఆ డ్రమ్ముల పరీక్షని లెక్కలోంచి తీసేశాడు. మిగిలిన చేలో నేనే దగ్గరుండి, డ్రమ్ముకి ఒకటి చొప్పున వేయించాను. కాగితం వచ్చింది.

తరువాత బిళ్ళ మార్చాను. మోతాదు మించితే నీళ్ళు ఎర్రబడేట్టు చేద్దామనుకున్నాను. చేయగలను కూడా. కానీ మాది మిరప పండే నేల. ఎరుపు ఎంత ఎక్కువైతే సరుకు అంత మేలు. నీళ్ళు ఎర్రబడేదాకా వేస్తూనే ఉంటారు. అందుకని లోపలి మందు అంతే ఉంచి, చుట్టూ యూరియా పట్టించి, సగం ఇటుకంత చేశాను. చేత్తో ఎత్తితే బరువుగా ఉంటుంది. దాన్ని చూశాక రెండోది వేయడానికి ఎవరికీ ధైర్యం చాలడం లేదు. పేటెంటు దరఖాస్తులో ఆకారం ఎందుకు పెంచారని అడిగారు. నిర్వహణ సౌలభ్యం కోసం అని రాశాను.

బాబాయ్ ఇప్పటికీ నాతో మాట్లాడడు. పెళ్ళిళ్ళలో నేను కూర్చున్న వరసలో భోజనానికి కూర్చోడు. మొన్న పిన్ని ఫోను చేసింది. "ఒక పెట్టె పంపియ్యవే. ఆయనకి చెప్పబాక, నేనే కలుపుకుంటా," అంది. బాగున్నావా అని మాత్రం అడగలేదు.