ఏ పూట అని అడిగిన సిస్టరమ్మ గారు

మా వీధి సిస్టరమ్మ గారు పోయారు. మొన్న గురువారం నేను స్కూల్లో రెండో పీరియడు పాఠం చెబుతుంటే మా అమ్మ ఫోన్ చేసింది. "ఒరేయ్, సిస్టరమ్మ గారు నిద్రలోనే పోయారంటరా. వచ్చెయ్. మీ నాన్న అప్పుడే చొక్కా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు" అంది. సెలవు చీటీ రాసిచ్చి బయల్దేరాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు గానీ, ఎవరు ముందు చూశారో, ఆవిడ ఎటు తిరిగి పడుకుని ఉన్నారో, తల కింద ఎన్ని దిండ్లున్నాయో తెలుసుకోవాలనిపించింది. చావింట్లో ఇలాంటివి ఎవరూ అడగరు. ఆవిడైతే అడిగేవారు. నాకు ఆ జబ్బు అంటించిందీ ఆవిడే.

సత్తెనపల్లిలో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవారు. ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. పుట్టిల్లు చీరాల, నేతవాళ్ళ కుటుంబం. ముప్పై ఏళ్ళు మా ఊళ్ళో ఉన్నా మిరపకాయల ఘాటు ఆవిడకి అలవాటు కాలేదు. మా గుమ్మం తొక్కగానే వరసగా తుమ్మేవారు. మేం నవ్వేవాళ్ళం. మిరప కోతల రోజుల్లో మా ఇళ్ళకొచ్చిన చుట్టాలంతా తుమ్ముతారు, దగ్గుతారు, కళ్ళు నులుముకుంటారు. మాకు మాత్రం ఏమీ తెలియదు.

మూడేళ్ళ కిందట నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ పోయాయి. గుంటూరు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక మేం చేసిన మొదటి పని కొత్త పత్తితో లావుపాటి పరుపు కుట్టించడం. అరచెయ్యి ఆనిస్తే మణికట్టు దాకా దిగబడేది. పత్తి పండించేవాళ్ళం, ఆ మాత్రం సుఖపెట్టలేమా అనుకున్నాం. సిస్టరమ్మ గారు పలకరించడానికి వచ్చి, తుమ్మి, నాన్న చెయ్యి కాసేపు పట్టుకుని, ఆ తర్వాత పరుపు వంక అనుమానంగా చూశారు.

"మాస్టారూ, మీరోసారి దీని మీద పడుకోండి" అన్నారు.

నాన్నని వాలు కుర్చీలోకి మార్చాక నన్ను పడుకోబెట్టి, చెయ్యీ కాలూ కదపకుండా అరగంట ఉండమన్నారు. అదేం పెద్ద పనా అనుకున్నాను. కాసేపటికే మడమ మండింది. నడుం కింద దుప్పటి ముడత ఒకటి ఒత్తుకోసాగింది. నాకు తెలియకుండానే తుంటి జరుపుకున్నాను. "ఒకటి" అన్నారు. మోకాలు మడిచాను. "రెండు." ఆ పరుపులో పక్కకి ఒత్తిగిలాలంటే గోతిలోంచి పైకి రావాల్సినంత పనయింది. పావుగంటకే నావల్ల కాదని లేచి కూర్చున్నాను.

"ఊరికే పడుకున్న మనిషి కూడా ఇన్నిసార్లు కదులుతాడు. అన్నయ్య గారు కదల్లేరు కాబట్టి ఆ కదలడమేదో ఇక మీరే చెయ్యాలి. ముందు ఈ పరుపు తీసెయ్యండి" అన్నారు.

నేను సైన్సు మాస్టర్ని. ఒత్తిడి అంటే ఏమిటో ఏటా బోర్డు మీద లెక్కలు వేసి మరీ చెబుతాను. ఆ లెక్క మా నాన్న వీపుకి కూడా వర్తిస్తుందని నాకు తట్టనే లేదు. మీరు నవ్వే ముందు, మీ ఇంట్లో ఒకసారి పావుగంట కదలకుండా పడుకుని చూడండి.

గట్టి పరుపు వచ్చింది. రెండు గంటలకోసారి నాన్నని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పడం నేర్పారు. కింద దుప్పటి మడత పరిచి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఎత్తి జరపాలి తప్ప ఈడ్చకూడదు. మోకాళ్ళ మధ్య దిండు ఉండాలి, మడమలు పరుపుకి తగలకూడదు. పక్క వేశాక ఆవిడ అరచేతితో దుప్పటి అంతా తడిమేవారు, మగ్గం మీది బట్టలో ముడి కోసం వెతికినట్టు. తుంటి మీద ఎర్రబడిన చోట అమ్మ పౌడరు వేసి రుద్దబోతే చెయ్యి పట్టుకుని ఆపేశారు. "లోపల నలిగిన చోటుని పైనుంచి ఇంకా నలుపుతావేంటమ్మా, నీ ఇల్లు బంగారం గానూ! ఆ పక్కన పడుకోబెట్టకు, అదే మందు." మంచినీళ్ళ గ్లాసు కుడివైపు ఎందుకు పెట్టారని ఒకరోజు అడిగారు. ఎప్పుడూ అక్కడే పెడతామండీ అన్నాం. పెళ్ళయిన దగ్గర్నుంచీ అక్కడే పెడుతోంది అమ్మ. ఆ చెయ్యి లేవదన్న సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు, గ్లాసుకే ఎవరూ చెప్పలేదు.

అసలు కష్టం మిరపకాయలు కల్లానికి వచ్చాక మొదలైంది. నాన్న మంచాన ఉన్నాడు, నాకు స్కూలు. ఎండబోసిన కాయల దగ్గర అమ్మ ఉండక తప్పదు. కూలీలతో కలిసి రంగు పోయిన తాలుకాయలు ఏరి, కాయలు తిరగేసి, సాయంత్రం ఇంటికొచ్చి నాన్నకి మొహం తుడిచి అన్నం కలిపి పెట్టేది. ఉన్నట్టుండి నాన్న అమ్మని దగ్గరికి రానివ్వడం మానేశాడు. మొహం గోడవైపు తిప్పేసుకునేవాడు. ఎడం చేత్తో అమ్మ చెయ్యి తోసేసేవాడు. కళ్ళ వెంట నీళ్ళు కారేవి. నేను పెడితే తినేవాడు.

చుట్టాలు తలో మాట అన్నారు. ఈ జబ్బులో మనిషి స్వభావమే మారిపోతుందన్నారు ఒకరు. పాత కోపాలన్నీ ఇప్పుడు బయటికొస్తాయన్నారు ఇంకొకరు. ఒకనాడు పెరట్లో అమ్మ నాతో అంది. "మీ నాన్న పడిపోయిన రోజు ఎండలో పత్తికి మందు కొట్టడానికి వెళ్ళమంది నేనేరా. వద్దులే, రేపు చూద్దాం అన్నాడు. నేనే పోరాను. అది మనసులో పెట్టుకున్నాడు మీ నాన్న. ఎవరినైనా మనిషిని పెట్టు. ఇక నేను ముట్టుకోను."

నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి అన్న మాట అది. వెళ్ళి సిస్టరమ్మ గారితో చెప్పాను.

అందరూ నాన్నకి ఎందుకు కోపమొచ్చిందని అడిగారు. ఆవిడ వచ్చి తుమ్మి, స్టూలు లాక్కుని కూర్చుని, "ఏ పూట?" అని అడిగారు.

అమ్మకి అర్థం కాలేదు. "ఏ పూటేంటండీ?"

"పొద్దున నువ్వు ఒళ్ళు తుడిస్తే తోస్తున్నారా?"

"లేదండీ. పొద్దున ఏమీ అనడు. సాయంత్రమే."

"కల్లం నుంచి వచ్చాకనా?"

"అవునండీ."

"కల్లానికి వెళ్ళని రోజేమన్నా ఉందా ఈ మధ్య?"

అమ్మ ఆలోచించింది. "మొన్న అమావాస్యకి వెళ్ళలేదు. ఆ రోజు..." అని ఆగిపోయింది. "ఆ రోజు నేనే పెట్టానండీ. తిన్నాడు."

"చెయ్యి ఇటివ్వు" అన్నారు సిస్టరమ్మ గారు. వాసన చూసి గట్టిగా తుమ్మారు. అంతటితో ఊరుకోకుండా అమ్మ వేలు తీసుకుని తన కంటి కింద ఆనించుకున్నారు. రెండు క్షణాల్లో ఆవిడ కన్ను ఎర్రబడి నీళ్ళు కారాయి. ఆ నీళ్ళతోనే నవ్వుతూ, "ఇదిగోనమ్మా నీ మొగుడి కోపం. మిరపకాయ!" అన్నారు.

"సబ్బుతో కడుక్కునే వస్తున్నానండీ" అంది అమ్మ, నమ్మకం కుదరక.

"ఒక్కసారి సబ్బు రాస్తే పోయేది కాదిది. కాయల్లో తిరిగి తిరిగి నీ చేతికి తెలియడం లేదు. ఆయన కళ్ళకీ పెదాలకీ తెలుస్తోంది."

మంచం మీద నుంచి చప్పుడు వినిపించింది. నాన్న ఎడం చేత్తో పరుపు మీద కొడుతున్నాడు, ఔను ఔనన్నట్టు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మిరప పండించిన మనిషి. ఆయనకి మొదటి రోజే తెలుసు. చెప్పడానికి మాట లేదు.

మర్నాటి నుంచి అమ్మ కల్లం నుంచి రాగానే చేతులకి కొబ్బరినూనె పట్టించి, రుద్ది, ఆ పైన సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, చీర మార్చుకునేది. నాన్న తువ్వాళ్ళు కల్లం బట్టల్లో కలవకుండా విడిగా ఉతికేది. మొదటి సాయంత్రం అమ్మ నాన్న దాకా వెళ్ళి భయపడుతూ నిలబడింది. చెయ్యి నుదుటి మీద వేసింది. నాన్న కళ్ళు మూసుకుని ఆ చేతికేసి మొహం తిప్పాడు. కంచంలో అన్నం చల్లారిపోయినా అమ్మ చెయ్యి తియ్యలేదు. నేను వీధిలోకి వచ్చి నిలబడి ఏడ్చాను. అది చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

మెచ్చుకోబోతే సిస్టరమ్మ గారు ఒప్పుకునేవారు కాదు. "నాకు తుమ్మొచ్చింది కాబట్టి తెలిసింది మాస్టారూ. మీలా అలవాటైపోయుంటే నేనూ పాత కోపమనే అనుకునేదాన్ని" అన్నారు. చాదస్తం మాత్రం తక్కువేమీ కాదు. పరామర్శకి వెళ్ళిన ప్రతి ఇంట్లో మంచం జరిపించేవారు, బాత్‌రూం ముందు కాలు జారే పట్టా తీయించేవారు. ఆవిడ వస్తున్నారంటే విసుక్కున్నవాళ్ళూ ఉన్నారు మా వీధిలో. తన మోకాళ్ళ నొప్పి సంగతి అడిగితే మాత్రం మాట మార్చేసేవారు. నేనూ మర్యాదకి ఊరుకునేవాణ్ణి. గట్టిగా అడగాల్సింది.

గురువారం మధ్యాహ్నం ఆవిడ ఇంటి ముందు షామియానా కింద నాన్న కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పుడు చేతికర్ర సాయంతో నడుస్తాడు, నాలుగు మాటలు వచ్చాయి. ఆవిడని వాన్‌లోకి ఎక్కించడానికి ఎత్తగానే అందరూ లేచి నిలబడ్డారు. పక్కనున్న ఒకాయన పాపం సాయం చేద్దామని నాన్న కుడి భుజం పట్టుకుని లేపబోయాడు.

"లాగొద్దండీ. ఆయనే లేస్తాడు" అంది అమ్మ.

నాన్న కుర్చీ అంచుకి జరిగాడు. ఎడం చేత్తో కుడి మోకాలు పట్టుకుని పాదం వెనక్కి లాక్కున్నాడు. ముక్కు మోకాళ్ళు దాటేదాకా ముందుకి వంగాడు. ఆర్నెల్లు రోజూ పొద్దున్నే వచ్చి ఆవిడ చేయించింది ఇదే. అమ్మ అరచెయ్యి చాపింది. వాన్ వాళ్ళు తొందరపడుతుంటే, "ఒక్క నిమిషం ఆగండి" అంది సిస్టరమ్మ గారి కూతురు. నాన్న లేచాడు.

వాన్ వీధి మలుపు తిరిగింది. జనం పలచబడ్డారు, కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేరుస్తున్నారు. నాన్న మాత్రం అమ్మ చెయ్యి పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నాడు.