నాయన ముఖం మీద గళ్ళు

మా బావకు పాత సామానంటే ప్రాణం, నాకేమో ఒళ్ళు మంట. మల్లాపూర్‌లో ఆయన పనిచేసే కంపెనీ వాళ్ళు మీటింగ్ హాలుకు కొత్త ప్రొజెక్టర్ కొన్నారు. మూలన పడేసిన పాతదాన్ని ఈయన అడిగి మరీ నాచారంలోని ఇంటికి మోసుకొచ్చాడు. "హోం థియేటర్ పెట్టిన, రాండ్రి" అని ఉప్పల్‌లో ఉన్న మాకు ఫోన్.

"టికెట్లు ఎవలు చింపుతరు బావా?" అన్నాను.

"ఇంకెవలు? నువ్వే, మరదలు పిల్లా!"

ఆదివారం మధ్యాహ్నం అమ్మను తీసుకుని వెళ్ళాను. అప్పటికి కొద్ది రోజుల ముందే అమ్మ కుడికంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఎడమకంటికి ఇంకా కాలేదు, దానితో అంతా మసకే. దవాఖానాకు తిప్పడం దగ్గర్నుంచి వేళకు చుక్కల మందు వేయించడం దాకా అంతా బావే చూసుకున్నాడు. కన్నకొడుకు కూడా అంత చేయడు.

బావ కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడ మీద తమ పెళ్ళి సీడీ వేశాడు. అక్కా, బావా, నేనూ వెనక సోఫాలో కూర్చున్నాం. అమ్మ పాతకాలపు మనిషి, అల్లుడి ముందు కుర్చీ ఎక్కదు. చాప పట్టుకుపోయి గోడకు దగ్గరగా కింద కూర్చుంది.

గోడ మీద నాయన కనిపించాడు. వంగి అల్లుడి కాళ్ళు కడుగుతున్నాడు. ఆయన పోయాక ఆ సీడీ చూడటం అదే మొదలు. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటుంటే ఏడుస్తోందనుకుని పక్కకు వెళ్ళి కూర్చున్నాను. ఏడుపు కాదు. ఆపరేషన్ అయిన కన్ను మూస్తోంది, తెరుస్తోంది.

"ఏమైందే అమ్మా?"

"మెల్లగ మాట్లాడు, మీ బావ ఇంటడు. నా కన్ను మళ్ళ పాడైంది బిడ్డా. మీ నాయిన మొఖమంత గళ్ళు గళ్ళు కనవడ్తుంది, దోమతెరల కెల్లి సూసినట్టు. గంత కష్టపడ్డ అల్లునికి ఏమని జెప్పాలె?"

తలెత్తి చూస్తే నాకూ గళ్ళే! సోఫాలోంచి నున్నగా కనిపించిన బొమ్మ అక్కడ సన్నటి నల్లగీతల నడుమ చిన్న చిన్న చదరాలుగా ఉంది.

"ఓ బావా! నీ డబ్బా మిషన్ మా అమ్మ పానం దీస్తున్నది!" అని అరిచాను.

సంగతి విని బావ పరుగున వచ్చి అమ్మ పక్కన నేల మీదే చతికిలబడ్డాడు. "గవి మిషన్ల గళ్ళు అత్తమ్మా. నాగ్గూడ కనవడ్తున్నయ్. దూరంకెల్లి సూస్తే కలిసిపోతయ్."

"నా మనసు నొయ్యొద్దని గట్లంటున్నవ్ అయ్యా" అంది అమ్మ. చెబితే వినే మనిషా!

బావ దుప్పటి పక్కకు లాగి, వంటింట్లోంచి చాటలో బియ్యం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అమ్మ ఎడమకన్ను అరచేత్తో మూసుకుని వంగింది. ఒక చిన్న రాయి ఏరి పక్కన పెట్టింది. ఇంకోటి ఏరింది. తర్వాత అక్క వైపు తిరిగి, "గిట్లాంటి బియ్యమా నా అల్లునికి వండిపెడ్తున్నవ్?" అని కసిరింది. అక్క అంత సంతోషంగా తిట్లు తినడం నేనెన్నడూ చూడలేదు.

మళ్ళీ గది చీకటి చేసి సీడీ వేశారు. "ఎనక్కి వచ్చి కూసో అత్తమ్మా, మామ మంచిగ కనవడ్తడు" అని బావ బతిమాలాడు.

అమ్మ నాయన ముఖం మీంచి చూపు తిప్పలేదు.

"గళ్ళుంటే ఉండనీ అయ్యా. ఎనక్కొస్తే దూరమైతడు."