లారీకి ఎదురొచ్చిన మా అత్త

"అమ్మ ఎల్పోనాదండి" అని డ్రైవరు ఫోన్ చేసేసరికి నేను విశాఖలో ఏదో సభకి ఉపన్యాసం రాసుకుంటున్నాను. ఆవిడ అతనికి తల్లి కాదు, యజమాని. నాకు మేనత్త. చోడవరంలో లారీ బుకింగ్ ఆఫీసు నడిపిన మనిషి. ఆ పొద్దున్న టీ నోట్లో పోసుకుని, "పంచదార ఫ్యాక్టరీ ఉన్న ఊర్లో ఇంత సప్పటి టీ ఏటే?" అని కోడలితో దెబ్బలాడి, ఆ కుర్చీలోనే పోయిందట. దెబ్బలాడుతూ పోయిందని విన్నాక నాకు కాస్త ఊరట కలిగింది.

నేను వెళ్ళేసరికే లారీ యూనియన్ వాళ్ళు సందు మొదట్లో అడ్డంగా ఫ్లెక్సీ కట్టేశారు. అత్త ఫొటో కింద "మగవాడిలా బతికిన మహిళ" అని పెద్ద అక్షరాలు. నాకు ఒళ్ళు మండింది. చావింట్లో గొడవ పడకూడదంటారు కాబట్టి ఇక్కడ పడుతున్నాను. అయ్యా, మగవాడిలా అంటే ఎలా? ఆ యార్డులో మగవాళ్ళు ఎలా బతికారో కళ్ళారా చూసినదాన్ని. చెప్తాను, వినండి.

తొంభైల మొదట్లో మామయ్య పోయాడు. ఆయన ఆఫీసంటే ఒక బల్ల, ఒక ఫోను, వెనక లారీలు నిలిపే ఖాళీ స్థలం. రావికమతం, చీడికాడ పల్లెల బెల్లం అక్కడ లారీ ఎక్కి ఒరిస్సా వెళ్ళేది. అత్త తాళం తీసుకుని వెళ్ళి ఆఫీసులో కూర్చుంది. యూనియన్ పెద్ద వచ్చి ఎంతో మర్యాదగా చెప్పాడు: "కూకోమ్మా, ఫోన్లు ఎత్తుకో. బండి కదిలేటప్పుడు మాత్రం యార్డులోకి రాకు. డ్రైవర్లు బయపడతన్నారు."

మొగుడు పోయిన ఆడది ఎదురైతే బండికి మంచిది కాదట! నన్నడిగితే, మర్యాదగా చెప్పే మూఢనమ్మకమే అన్నిటికన్నా ప్రమాదం. లోడు సరిగ్గా పడిందా, పైన టార్పాలిన్ పట్టా బిగించారా అని దగ్గరుండి చూడని ఆఫీసుకి రైతు తన బెల్లం ఎందుకిస్తాడు? యార్డు పోతే ఆఫీసు పోయినట్టే. ఆ సంగతి యూనియన్ పెద్దకీ తెలుసు. ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కాచుకుని ఉన్న అత్త మరిదికీ తెలుసు.

"అలాగే బాబూ" అంది అత్త. మర్నాటి నుంచి చేతికర్ర పట్టుకుని, కదలబోతున్న లారీకి సరిగ్గా ముందు నిలబడి, టైర్లు కొట్టి చూడసాగింది. ఆవిడ లోపలికి వెళ్ళేదాకా డ్రైవర్లు ఇంజను ఆపి బీడీలు కాల్చేవారు. బీడీలు అయిపోయేవి గానీ ఆవిడ వెళ్ళేది కాదు.

నేను కాలేజీ సెలవులకి అక్కడికి వెళ్ళినప్పుడు జరిగింది అసలు కథ. నాకు ఫోన్ చేసిన డ్రైవరే అప్పుడు కొత్త మీసాల కుర్రాడు. బండి నిండా బెల్లం దిమ్మలు. గేటు దగ్గర అత్త. ముందుకి వెళ్తే ఎదురు తప్పదు. అందుకని మహానుభావుడు వెనక కంచె తీయించి, చెరకు తోట పక్కనుంచి రివర్సులో బయటపడదామనుకున్నాడు. ఆ తోటకి అప్పుడే నీళ్ళు పెట్టారు. వెనక చక్రాలు సగం దాకా దిగిపోయాయి.

మగవాళ్ళంతా చేరారు. తలో సలహా ఇచ్చారు. యూనియన్ పెద్ద కొబ్బరికాయ తెమ్మన్నాడు.

అత్త కొంగు దోపుకుని వచ్చింది. "ఏటిరా, నా మొకం సూడకూడదని ఎనక్కెల్లేవా? టైరుకి మొకం తెల్దురా, మట్టే తెలుస్తాది." సగం లోడు దింపించింది. పక్క గానుగ నుంచి చెరకు పిప్పి తెప్పించి చక్రాల కింద పరిపించింది. "సలహాలిచ్చినోల్లందరూ ఎనకాలకెల్లి తొయ్యండి. బాబూ, మీరూను!" అంది యూనియన్ పెద్దతో. అప్పుడు బండికి ఎదురుగా వచ్చి నిలబడి చెయ్యెత్తింది.

"అటూ ఇటూ సూడకు. నా మొకమే సూసుకుంటా రా. రావాల... రావాల..."

బండి బయటపడింది. యూనియన్ పెద్ద తెల్లపంచె మాత్రం నడుందాకా బురదైంది. కొబ్బరికాయని ఆ సాయంత్రం అత్త పచ్చడి చేసింది. డ్రైవరు మళ్ళీ లోడెక్కించుకుని, ఈసారి ముందు గేటులోంచే, ఆవిడ ఎదురుగానే ఒరిస్సా వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చాడు. ఆ తర్వాత యార్డులోకి రావద్దని ఎవరూ అనలేదు. మరిది వేరే వ్యాపారం చూసుకున్నాడు.

కొన్నాళ్ళకి అదే డ్రైవర్లు "అమ్మ ఎదురొస్తే కలిసొస్తాది" అనడం మొదలుపెట్టారు. నేను సంబరపడిపోయాను. అత్త నా మీదే విరుచుకుపడింది. "అదీ ఆ పిచ్చేనే గుంటా! నా మొకంలో సెడూ లేదు, మంచీ లేదు. రెండు కల్లున్నాయి. ఆటితో టైర్లు సూస్తన్నాను." నా ఉపన్యాసాల్లో సగం ఈ ముక్కలోంచి అరువు తెచ్చుకున్నవే.

ట్రంకు కాల్ వస్తే, తీగతో పని లేకుండా నేరుగా ఒరిస్సాకే వినపడేలా అరిచేది. మూడేళ్ళ కిందట నా భర్త పోయినప్పుడు కూడా అదే గొంతుతో ఫోన్ చేసింది. "ఏడు, తప్పులేదు. కానీ మూల కూకోకు. మూల కూకుంటే దారి కనబడదు." నేను వారంలోనే ఉద్యోగానికి వెళ్ళాను.

కాబట్టి, ఫ్లెక్సీ రాసిన అయ్యల్లారా, మా అత్త మగవాడిలా బతకలేదు. మగవాళ్ళు కొబ్బరికాయ కోసం వెతుకుతుంటే ఆవిడ చెరకు పిప్పి కోసం వెతికింది. అంతే తేడా.

ఆవిడని పూలు కట్టిన లారీలోనే తీసుకెళ్ళాం. కంటిచూపు మందగించినా, స్టీరింగు నాదేనని ఆ డ్రైవరే ఎక్కాడు. సందు ఇరుకు. పక్కనే కాలువ. ఎవరో పెద్దావిడ నా జబ్బ పట్టుకుని, "నువ్వు ఇటు రామ్మా, బండికి ఎదురుండకు" అంది. డ్రైవరు తల బయటికి పెట్టాడు.

"ఆరిని ఒగ్గీయండి. పాపగారూ, మీరు ముందుకి రండి. నాకు మొకం కనబడాల."

నేను బండి ముందు నిలబడి చెయ్యెత్తాను. నేను వెనక్కి నడుస్తుంటే, బంతిపూలు ఊపుకుంటూ, నన్నే చూసుకుంటూ అత్త లారీ మెల్లిగా కదిలింది. సందు మొదట్లో ఫ్లెక్సీ కాస్త కిందకి కట్టారు. లారీ తగులుతుందని నాకు తెలుస్తూనే ఉంది.

"రావాల... రావాల..." అన్నాను.