ఆకుకూర మీద పడబోయిన నింద

వట్లూరు దగ్గర ఓ ప్రైవేటు కాలేజీ అమ్మాయిల హాస్టల్లో శేషారత్నం పధ్నాలుగేళ్లుగా వంట చేస్తోంది. ముదినేపల్లిలో పౌరోహిత్యం చేసుకునే భర్త మంచాన పడ్డాక, ఇల్లు గడవడానికి గరిటె పట్టింది. నాలుగొందల మందికి చేతి అంచనాతోనే ఉప్పు వేయగలదు. తోటకూర పప్పు ఆమె చేస్తే పిల్లలు మారు వడ్డించుకునేవారు.

అదంతా ఒకప్పటి మాట. ఆకుకూర ఏరి, కడిగి, తరిగే ఇద్దరు ఆడవాళ్లనూ యాజమాన్యం మాన్పించింది. ర్యాంకుల ఫ్లెక్సీలు గేటు ఎత్తున కట్టేవాళ్లకు పిల్లల కంచంలోకి తొంగిచూసే తీరిక ఎక్కడిది? మెనూ కాగితంలో వారానికి నాలుగు రోజులు ఆకుకూర, వండేది బంగాళాదుంప. సాయంత్రం మేనేజరు అబ్బాయిరాజు కాగితం తెస్తే, అందులో ఉన్నదే వండినట్టు ఆమె సంతకం పెట్టేది. పెట్టకపోతే తనూ ఇంటికే.

ఈ జూన్‌లో తేజశ్రీ అనే పరిశోధకురాలు వచ్చింది. ఆకుకూరలు, పళ్లు తింటే ఈ వయసు పిల్లల ఒంట్లో యాంటీ ఆక్సిడెంట్లు ఎంత పెరుగుతాయో చూడటం ఆమె పని. ఆగస్టు చివరిదాకా మూడు నెలల మెనూ కాగితాలు తీసుకుంది, హాస్టల్ పిల్లలతో పాటు ఇళ్ల నుంచి వచ్చే డేస్కాలర్లనూ కలిపి అరవై మందికి రక్తపరీక్షలు చేయించింది. ఫలితాలు రాగానే వంటింట్లోకి వచ్చింది.

"చిత్రంగా ఉందండి పిన్నిగారూ. ఆకుకూర పెద్దగా తినని డేస్కాలర్లకీ, మీ పిల్లలకీ తేడానే లేదండి. ఈ వయసులో ఆకుకూర తిన్నా లాభం కనిపించలేదని రాయాల్సొస్తుందేమో."

"ఆ రాత ఎవరు చదువుతారమ్మా?"

"పిల్లలకి ఏం పెట్టాలో నిర్ణయించేవాళ్లండి."

శేషారత్నం చేతిలో గరిటె ఆగింది. ఇన్నాళ్లూ ఆ సంతకంతో తన ఉద్యోగం ఒక్కటే నిలబడుతోందనుకుంది. అది ఎక్కడెక్కడి పిల్లల కంచాల్లోంచో ఆకుకూర తీసేయించగలదని అనుకోలేదు.

గుమ్మంలోంచి అబ్బాయిరాజు అన్నాడు: "పోపు మాడుతోందండి. ముందు మీ పని చూసుకోండి."

"మాడనివ్వండి రాజుగారూ. అదీ దుంపల్లోకేగా." ఆమె తేజశ్రీ వైపు తిరిగింది. "ఆకుకూర తప్పేం లేదమ్మా. పిల్లలు తింటేగా. జూన్ నుంచి ఈ వంటింట్లోకి ఒక్క కట్ట రాలేదు. సంతకాలు నావే. అబద్ధమూ నాదే."

"రాసిస్తారాండీ?"

చేతులు తుడుచుకుని, బియ్యం బస్తా మీద కూర్చుని రాయసాగింది. వారం తర్వాత వారం, దుంపల వేపుడు, నీళ్ల సాంబారు.

"రేపట్నించి రెస్టు తీసుకోండి శేషారత్నంగారూ," అన్నాడు అబ్బాయిరాజు, గొంతు పెంచకుండానే.

"అలాగేనండి," అంది తలెత్తకుండా. "కాస్త ఉండండి. ఇంకా జులైలోనే ఉన్నాను."