గెలిచింది సిగ్నె

ఫియోర్డు అనే సముద్రపు పాయ ఒడ్డున మా పక్కింటి సైమికి మంచు మీద జారే స్కీలు కాళ్ళతోపాటే మొలిచాయనేవారు. మాది నార్వే ఉత్తరాన, తరాల కిందట ఫిన్లాండు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ క్వెన్ జనం ఊరు. ఇంట్లో మా క్వెన్ భాష, గడప దాటితే నార్వే భాష.

పదహారేళ్ళప్పుడు జిల్లా స్కీ పోటీకి వెళ్ళింది. శిక్షకుడు ఆమె వీపుకు నంబరు కడుతూ, "సైమి ఏంటి, నోరు తిరగదు. సిగ్నె అని రాయించాను. అక్కడ మీ క్వెన్ కూతలు కూయకు, క్లబ్బు పరువు పోతుంది" అన్నాడు.

సైమి తలూపింది. గెలిచింది కూడా. గీత దాటగానే వాళ్ళమ్మ లెంపి జనాన్ని తోసుకొచ్చి, "నా తల్లే, వేళ్ళు కొంకర్లు పోయాయా?" అని మా భాషలో అంటూ చేతులు పట్టుకుంది. శిక్షకుడు చూస్తున్నాడు. సైమి చేతులు లాక్కుని, పరాయి మనిషితో అన్నట్టు నార్వే భాషలో "థాంక్సండీ" అంది. లెంపి మళ్ళీ ఏ పోటీకీ రాలేదు.

పేపర్లో సిగ్నె, కప్పు మీద సిగ్నె, పెళ్ళిలోనూ సిగ్నె. పిల్లలకు మా భాష ఒక్క ముక్క నేర్పలేదు. "అది వస్తే ఆటలో చేర్చుకోరు" అనేది.

నిరుడు క్లబ్బు అధ్యక్షురాలు మార్తె సైమి ఇంటికి వచ్చింది, చిన్న పిల్ల. నేనూ అక్కడే మా వైపు అలవాటు ప్రకారం కాఫీలో జున్నుముక్కలు వేసుకుని కూర్చున్నాను.

"అవ్వా, ఇప్పుడు మనకు క్వెన్ ఫుట్‌బాల్ జట్టుంది. మీ మనవరాలు ఇంగ్విల్ కూడా ఆడుతోంది. క్లబ్బు హాల్లో విజేతల పలక మీద మీ పేరు సైమి అని మారుస్తాం. మీరు మన భాషలో రెండు ముక్కలు మాట్లాడాలి."

"అరవయ్యేళ్ళు మూసుకున్న నోరు, తెరవమంటే తెరుచుకుంటుందే పిల్లా?"

"మేం మూయించలేదు కదవ్వా."

"అదేనే చిక్కు. ఇప్పుడు ఎవరి మీద అరవను?"

అయినా ఇంగ్విల్ కోసం వెళ్ళింది. మైకు ముందు నిలబడింది. ఆవుల్ని అదిలించే మాటలున్నాయి, గడ్డి మోపులకున్నాయి, చేపలకున్నాయి. ఇలాంటి చోట చెప్పే మాట ఒక్కటీ రాలేదు. చివరికి నార్వే భాషలోనే ఏదో అనేసి దిగింది. "పాపం, మరిచిపోయినట్టుంది" అని వెనక ఎవరో గొణిగారు.

ఇంగ్విల్ తరగతిలో నేర్చుకున్న భాషలో, తడబడుతూ, "ఈమె మా అవ్వ" అంది. హాలంతా చప్పట్లు. సైమి తల దించుకుంది.

దారిలో ఆ పిల్ల, "నాతో మాట్లాడు అవ్వా, తప్పులైనా పర్లేదు" అని బతిమాలింది. సైమికి తప్పులెక్కడివి? పెదవులు కదిలాయి, మాట మాత్రం నార్వే భాషలోనే వచ్చింది.

మేమిద్దరమే ఉన్నప్పుడు సైమి మా భాషలోనే మాట్లాడుతుంది, గలగలా. తలుపు చప్పుడైతే చాలు, టక్కున మార్చేస్తుంది. వచ్చింది ఇంగ్విల్ అయినా సరే.