బరువెక్కించిన బొమ్మ

నా చిన్నప్పుడు నాకు ఎత్తుపళ్లు. అమ్మ పోయినాక హాలహర్వి నుంచి తెచ్చి ఆదోనిలో మా అవ్వ దగ్గర వదిలినారు. కొత్త బడిలో నాతో మాట్లాడే పిల్ల ఒక్కతీ లేదు. మధ్యాహ్నం అన్నం కూడా గోడకు తిరిగి తినేదాన్ని, పళ్లు కనపడకుండా.

ఒకరోజు పోయేసరికి ఆ గోడ మీదే బొగ్గుతో నా బొమ్మ. అబ్బా, మొగమంతా పళ్లే! చెవి కింద మచ్చ కూడా విడవలేదు. క్లాసంతా ఒకటే నవ్వు. ఇంటికి ఉరికొచ్చి, చచ్చినా మళ్లీ బడికి పోనని మొండికేసినాను. అవ్వ బతిమాలి బతిమాలి విసిగిపోయింది. చదువు వద్దంటే సోమవారం నుంచి నాతోపాటు జిన్నింగు మిల్లులో పత్తి ఏరేదానికి రా అనేసింది.

పక్కింటి మామ లారీలకు, మిల్లు గోడలకు పేర్లు రాసే పెయింటరు. బడికి పోయి ఆ బొమ్మ చూసి నవ్వుకుంటా వచ్చినాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన నన్ను మార్కెట్టు యార్డుకు పిలుచుకుపోయినాడు. ఆడ ఒక బండికి పత్తి ఎక్కిస్తాండారు. పైన ఇద్దరు తొక్కుతాంటే ఇంకా ఇంకా పోస్తాండారు. వెనకనుంచి చూస్తే చక్రాల్లేవు, ఎద్దుల్లేవు, అంతా పత్తే.

"నీ బొమ్మ కూడా ఇంతే పాపా. దాన్ని క్యారికేచర్ అంటారు. ఇటలీ వాళ్లు బండికి బరువెక్కించేదానికి వాడే మాటలోంచి పుట్టిందని మా గురువు చెప్పినాడు. ఉన్నదాని మీదే ఇంకొంచెం ఎక్కిస్తారు. నీ చెవి కింద మచ్చ ఉన్నట్టు నాకే తెల్దు. గీసినోళ్లు నిన్ను ఎంతసేపు చూసినారో!"

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. అమ్మ పోయినాక నన్ను ఎవరూ అంతసేపు చూడలేదు.

సోమవారం బడికే పోయినాను. ఎవరు గీసిందని అడిగితే వెనక బెంచీ పిల్ల తల దించుకుంది. పోయి దాని పక్కనే కూర్చున్నాను. "మచ్చ ఈ చెవికి కాదు, ఆ చెవికి" అన్నాను. ఆ బడిలో నా అంతట నేను ఒక పిల్లతో మాట్లాడింది అదే మొదలు.

ఇప్పుడు ఎమ్మిగనూరులో ఒంటిగా ఉంటాను. పొద్దస్తమానం నా మొగం ఎవరూ చూడని రోజులుంటాయి. అట్లాంటప్పుడు బజారుకు పోతాను. పాలపొట్లాలమ్మే పిల్లను, ఆటో నడిపే అబ్బాయిని తేరిపార చూస్తా నిలబడతాను. ఏమవ్వా, అట్ల చూస్తాండావు అని అడుగుతారు.

"ఎవరో ఒకరు చూడల్ల కదప్పా" అంటాను.