ఉగాది ఆపిల్‌కు పట్టిన పురుగు

మేముంటున్న విదేశపు ఊరు లోవర్ హట్‌లో మా పెరటి ఆపిల్ చెట్టుకు పట్టిన పురుగంత నంగనాచిని నేనెక్కడా చూడలేదు. కాడ్లింగ్ మాత్ అంటారు దాన్ని. యూరప్ నుంచి ఆపిల్ చెట్లతో పాటే ఈ దేశంలో దిగబడిందట. బూడిద రంగు రెక్కలు, వాటి చివర రాగి మచ్చ. దాని అందమంతా అంతే. ఇక్కడ ఋతువులు మనకు తలకిందులు, వసంతం మన దసరాల వేళకు వస్తుంది. అప్పుడు చీకటిపడే వేళకు వచ్చి ఆకుల మీదా పిందెల మీదా గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు కాయలోకి దూరి గింజల దాకా తినుకుంటూ పోతుంది. దారి పొడుగునా దాని రెట్టే. బాగా బలిశాక బయటపడి, బెరడు సందులో గూడు కట్టుకుని చలికాలమంతా హాయిగా పడుకుంటుంది. మళ్లీ వసంతానికి రెక్కలతో తయారు.

నాకు ఆ కాయలు ఉగాదికి కావాలి. ఇక్కడ మార్చిలో పచ్చిమామిడి అంటే ఫ్రీజర్‌లో గడ్డకట్టిన ముక్కలే. మా ఆపిల్ అప్పటికి పచ్చిగా, పళ్లు పులిసేలా ఉంటుంది. ఈసారి పచ్చడి మా చెట్టు కాయతోనే అని తెలిసినవాళ్లందరికీ చెప్పుకున్నాను. తీరా కోస్తే ప్రతి కాయలోనూ పురుగే. వచ్చినవాళ్ల ముందు తల కొట్టేసినట్టయింది.

మాను చుట్టూ పార్శిల్ పెట్టెల గాడుల అట్ట కడితే దిగే పురుగులు అందులో దూరతాయనీ, చలికాలంలో విప్పి కాల్చేయాలనీ మొక్కల షాపులో చెప్పారు. కట్టాను. విప్పే పని మావారు తీసుకున్నారు. మరుసటి ఉగాదికీ అదే కథ.

"అట్ట కాల్చారా లేదా?" అని అడిగాను.

"అవీ ప్రాణులే కదే. కంచె పక్కన దులిపేశాను," అన్నారు.

కంచె నుంచి చెట్టుకు పట్టుమని పది అడుగులు లేవు. ఆ జీవకారుణ్యం మీద నాకు కోపం కూడా రాలేదు, అసహ్యం వేసింది.

మళ్లీ కట్టిన అట్టను ఆ చలికాలం నేనే విప్పి, హాల్లోని కట్టెల పొయ్యిలో పడేశాను. ఆయన పొయ్యి ముందే కూర్చుని ఉన్నారు. కాలుతున్న అట్ట వంక చూసి, మంట దగ్గరికి జరిగి చేతులు కాచుకున్నారు.

మరుసటి కాపు కాయలు చాలావరకు శుభ్రంగా వచ్చాయి. ఉగాదినాడు ఇంటికొచ్చిన వాళ్లతో ఆయన, "మందు కొట్టలేదండి. ఒక్క పురుగునీ చంపలేదు. ప్రకృతే సర్దుకుంటుంది," అంటున్నారు. అంతా తలలూపారు. ఎంత మంచి మనసండీ అన్నారొక ఆంటీ.

మళ్లీ కాస్త పచ్చడి వేయమని ఆయన చెయ్యి చాపారు. ఆపిల్ ముక్కలన్నీ ఏరి పిల్లలకు పెట్టి, అడుగున మిగిలిన వేపపువ్వు ఆయన చేతిలో వేశాను.